ముందు ఫిల్ము, తర్వాత కట్టు

చిరంజీవి మేనల్లుడికి,

నిన్న రాత్రి ఫోనులో నీ మాటకంటే వెనకనుంచి మీ అమ్మ మాటే నాకు ఎక్కువ వినిపించింది. ఆమె పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టిస్తానంటోంది. నీ స్నేహితులు చెన్నై పెద్దాసుపత్రి అంటున్నారట. నువ్వేమో మందుల షాపువాడిచ్చిన నొప్పి మాత్రలతో ఇంకో రెండ్రోజులు చూద్దామంటున్నావు. అందరూ ఎక్కడికి వెళ్లాలనే మాట్లాడుతున్నారు, పాదం లోపల ఏమైందో మాత్రం ఇంకా ఎవరికీ తెలియదు. ముప్పై ఏళ్లు క్యాజువాల్టీలో నర్సుగా పనిచేసినదాన్ని, ఇది వింటూ ఊరుకోలేకపోయాను. ఫోనులో చెబితే సగమే వింటావు. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నాను. మీ అమ్మకు కూడా చదివి వినిపించు.

ముందు మంచం మీద కూర్చుని రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి చూడు. చర్మం చిట్లి రక్తం కారిందా? వేళ్లు చల్లబడ్డాయా, నీలంగా మారాయా? తాకితే తెలియనంత తిమ్మిరెక్కిందా? పాదం ఒక పక్కకు వంకర తిరిగిందా? వీటిలో ఏ ఒక్కటున్నా తెల్లారేదాకా ఆగకు, ఇప్పుడే 108కి ఫోన్ చెయ్యి. గాయమైతే ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి కూడా అడుగు. ఇవేవీ లేకపోతే మిగతాది నిదానంగా చదువు.

కెనడాలో ఒట్టావా డాక్టర్లు 1992లో ఒక పద్ధతి చెప్పారు. మా క్యాజువాల్టీలో చిన్న డాక్టర్లకు పెద్ద డాక్టర్లు అదే నేర్పేవాళ్లు. నాలుగు చోట్లు, నాలుగు అడుగులు అని నేను గుర్తు పెట్టుకున్నాను. చీలమండకు లోపలివైపు, బయటివైపు పొడుచుకొచ్చిన ఎముకలుంటాయి కదా, వాటి వెనక అంచు ఒకటీ రెండూ. పాదం మధ్యలో లోపలివైపు ఉబ్బెత్తు ఎముక మూడోది. బయటి అంచు మీద, చిటికెన వేలినుంచి వెనక్కి తడుముకుంటూ వస్తే సగం దారిలో తగిలే బుడిపె నాలుగోది. ఎముక మీదే వేలు పెట్టి నొక్కు. వీటిలో ఏ ఒక్క చోట నొక్కినా నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించాల్సిందే. దెబ్బ తగిలినప్పుడూ, ఇప్పుడూ కుంటుకుంటూ అయినా నాలుగు అడుగులు వెయ్యలేకపోతే కూడా అంతే. నువ్వు బండి దిగేటప్పుడు కాలు గుంతలో పడి లోపలికి మడతపడిందన్నావు. మడమ మీదే నడుస్తున్నానన్నావు, నొప్పి బయటి అంచునే అన్నావు. నాకు ఆ నాలుగో చోటే అనుమానంగా ఉంది.

ఆ ఎముక గురించి ఒక సంగతి చెప్పాలి. రాబర్ట్ జోన్స్ అని బ్రిటన్‌లో పేరున్న ఎముకల డాక్టరుకు నాట్యం చేస్తుండగా పాదానికి దెబ్బ తగిలింది. తన పాదాన్ని తానే తడిమి చూసుకున్నాడు, విరుగు దొరకలేదు. లోపల కండను ఎముకకు పట్టి ఉంచే తాడు తెగిందేమో అనుకున్నాడు. ఎక్స్‌రే తీయిస్తే ఎముకే విరిగి ఉంది. 1902లో దాని మీద వ్యాసం రాశాడు, ఇప్పటికీ ఆ విరుగును ఆయన పేరుతోనే పిలుస్తారు. అంతటి చేతికే దొరకనిది ఇంకెవరి చేతికైనా దొరుకుతుందని నేనెలా నమ్మను? ఆ బుడిపె కొసన చిన్న ముక్క ఊడితే గట్టి అడుగున్న చెప్పుతో కూడా కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. అదే విరుగు అంగుళం లోపు దూరంలో, కాస్త ముందుకు పడితే, అక్కడ రక్తప్రసారం తక్కువ కాబట్టి నెలలు గడిచినా అతక్కపోవచ్చు. కొందరికి స్క్రూ కూడా వెయ్యాల్సి వస్తుంది. బయటినుంచి చూస్తే రెండింటి వాపూ ఒకటే.

అరికాలు కూడా తిప్పి చూడు. పాదం నడిమి గుంటలో నల్లగా కమిలి ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పు. పాదం మధ్యలో కీళ్లు సడలినప్పుడు అలా కమలొచ్చు. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో అది ఒక్కోసారి కనిపించదు, కాలు మోపించి తీయాలి, లేదంటే సీటీ.

ఇక పుత్తూరు. దాన్ని నేను తీసిపారెయ్యను. గుడ్డు తెల్లసొన, ఆకుపసరు, వెదురు దబ్బలు, నూలుగుడ్డ – ఆ కట్టు కోసం తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి జనం బస్సులెక్కి వస్తారు. కదలకుండా ఉంచితే తమంతట తామే అతుక్కునే ఎముకలు చాలా ఉంటాయి. వాటికి పిండికట్టు చేసేదీ అదే పని. నా అభ్యంతరమంతా చూడకుండా కట్టెయ్యడం గురించే. డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము చూసి, ఎముక పక్కకు జరగలేదు, ఆపరేషన్ అక్కర్లేదు అంటే, ఆ తర్వాత మీ అమ్మ ఆ కట్టే కావాలంటే నేను అడ్డు చెప్పను. ఫిల్ము చేతిలో పట్టుకునే వెళ్లండి.

నేనింత పట్టుబట్టడానికి కారణం మీ తాత. నువ్వప్పటికి పుట్టలేదు. గట్టు మీదినుంచి జారి పాదం మడతపడింది. ఆయనకు పదేళ్లుగా షుగరు. నరాలు మొద్దుబారి ఉన్నాయి కాబట్టి పెద్దగా నొప్పి తెలియలేదు. నొప్పి లేదంటే దెబ్బ చిన్నదే అనుకున్నాం. పక్క ఊళ్లో ఒకాయన దగ్గర బిగించి కట్టించారు. కట్టు కట్టినాయనకు షుగరు సంగతి మేమెవ్వరం చెప్పలేదు. అయిదో రోజు ఇంట్లో వాసన మొదలైంది. కట్టు విప్పితే వేళ్లు నల్లబడి ఉన్నాయి. మోకాలి కిందికి తీసేశారు. నేను అప్పటికే నర్సును. వేరే ఊళ్లో డ్యూటీలో ఉండి, ఫోనులో "జాగ్రత్త నాన్నా" అని ఊరుకున్నాను. ఆ రోజు గట్టిగా చెప్పనందుకు ఈరోజుకీ బాధపడుతున్నాను. నీకు షుగరు లేదు, నాకు తెలుసు. అయినా ఎవరు ఏ కట్టు కట్టినా బొటనవేలి గోరు నొక్కి వదిలి చూసుకో. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. ఎర్రబడకపోయినా, నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా, అర్ధరాత్రయినా సరే కట్టు వదులు చేయించు.

చెన్నై ఇప్పుడు అవసరం లేదు. తిరుపతిలోనే ఉన్నావు. రుయా ఆసుపత్రిలో ఎక్స్‌రే, ఎముకల విభాగం ఒకే ఆవరణలో ఉన్నాయి. టీటీడీ వాళ్ల బర్డ్ ఆసుపత్రి ఉన్నదే ఎముకల కోసం. ఓపీ లైను పొడుగ్గా ఉంటుంది, కూర్చోవడానికి చోటు దొరకదు, అది నిజమే. అయినా రోజూ పదుల పాదాలు చూసే కళ్లు అక్కడున్నాయి. ఆపరేషన్ అంటే భయపడి చెన్నై పరుగెత్తకండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకమే ఇప్పుడు మనకు ఎన్టీఆర్ వైద్య సేవ. ఆపరేషన్ ఖర్చు దాని కిందికి వస్తుందేమో కార్డు పట్టుకుని అక్కడి సహాయ కేంద్రంలో అడగండి. ఫిల్ము చూపించి రెండో డాక్టరు మాట తీసుకోవాలంటే అప్పుడు ఎక్కడికైనా వెళ్లొచ్చు.

ఈ రాత్రికి పాదం కింద రెండు దిండ్లు పెట్టు. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పావుగంట ఉంచు, చర్మానికి నేరుగా తగలనివ్వకు. మీ అమ్మ ఆముదం రాసి రుద్దుతానంటుంది, వేడి కాపడం పెడతానంటుంది. రెండూ వద్దని నేనన్నానని చెప్పు. కాలు నేల మీద మోపకు.

రేపు పొద్దున ఎనిమిదింటికల్లా ఓపీ చీటీలిచ్చే చోట ఉండండి. బండి నువ్వు నడపొద్దు, మీ నాన్నను ఆటో పిలవమను. ఫిల్ము చేతికి రాగానే వెలుతురుకు ఎదురుగా పట్టుకుని ఫోటో తీసి నాకు పంపు. ఫోను పక్కనే పెట్టుకుని ఉంటాను.

ఇట్లు,
మీ అత్త