పెంచుకున్న కుక్క చనిపోయింది... ఇంకోటి ఎప్పుడు తెచ్చుకోవాలి?



పాపకు జ్వరం వస్తే మీరు డైరీలో రాసి పంపిస్తారు. మార్కులు తగ్గితే పేరెంట్స్ మీటింగ్‌లో అడుగుతారు. కానీ ఇంట్లో ఏడెనిమిదేళ్లు పెరిగిన కుక్క చనిపోతే ఆ సంగతి చాలాసార్లు టీచర్లకు తెలియదు. "కుక్క పోయిందని స్కూల్లో చెప్పడమేంటి, నవ్వుతారు" అని మొహమాటపడతారు. దయచేసి చెప్పండి. చాలామంది పిల్లలు దగ్గరగా చూసే మొదటి చావు అదే. రోజూ బస్సు దిగగానే గేటు దగ్గర ఎదురుచూసే ప్రాణి ఒక్కసారిగా లేకుండా పోతే, మర్నాటి యూనిట్ టెస్ట్ మీద మనసు నిలవకపోవడం సహజం.

పిల్లల ఏడుపు చూడలేక చాలా ఇళ్లలో అనే మాట ఒకటుంది: "ఊరుకో నాన్నా, ఆదివారం ఇంకోటి కొనుక్కుందాం." ప్రేమతో అన్న మాటే. కానీ పోయినవాళ్ల కోసం ఎక్కువసేపు ఏడవకూడదనీ, ప్రాణమున్నదాన్ని కూడా పోగొట్టుకున్న పెన్సిల్ బాక్స్‌లాగా మళ్లీ కొనుక్కోవచ్చనీ పిల్లలకు దాంతో అర్థమవుతుంది. ఇంకో కుక్కను తెచ్చుకోవద్దని నేను చెప్పడం లేదు. తప్పకుండా తెచ్చుకోవచ్చు. కొనే బదులు, ఇల్లు లేని కుక్కను దత్తత తీసుకుంటే ఇంకా మంచిది. అయితే అంతకంటే ముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. ఈ నెల వాటి గురించి మాట్లాడుకుందాం.

ముందు నిజం చెప్పండి

ఐదేళ్లలోపు పిల్లలు చనిపోవడమంటే ఊరెళ్లి తిరిగి రావడం లాంటిదే అనుకుంటారు. అందుకే "టామీ ఎప్పుడొస్తుంది?" అని పదేపదే అడుగుతారు. ఆరేడేళ్లు వచ్చేసరికి ఇక తిరిగి రాదని మెల్లగా తెలుస్తుంది. తొమ్మిది, పదేళ్లకు చావు ఎవరికైనా తప్పదని అర్థమవుతుంది. అక్కడి నుంచి "అమ్మా, నువ్వు కూడానా?" అనే ప్రశ్న మొదలవుతుంది.

"నిద్రపోయింది" అని చెబితే చిన్నపిల్లలు రాత్రి పడుకోవడానికి భయపడే అవకాశం ఉంది. "ఫామ్‌హౌస్‌కి పంపించాం" అంటే, నాకు చెప్పకుండా ఎందుకు పంపించారని కోపం తెచ్చుకుంటారు. కొన్నేళ్ల తర్వాత నిజం తెలిస్తే మీ మాట మీద నమ్మకం పోతుంది. తేలిక మాటల్లో నిజమే చెప్పండి: "మన టామీ చనిపోయింది. దాని గుండె ఆగిపోయింది. ఇక దానికి ఆకలి, నొప్పి ఉండవు. అది మళ్లీ రాదు. నాకూ చాలా బాధగా ఉంది." ఆ తర్వాత మీ ఇంటి నమ్మకం ప్రకారం దేవుడి గురించి, ఆత్మ గురించి చెప్పుకోవచ్చు.

ఇంకో ముఖ్యమైన మాట. పిల్లలు బయటికి చెప్పకుండా తప్పు తమ మీద వేసుకుంటారు. "నేను గేటు వేయలేదు", "ఆ రోజు దాన్ని తిట్టాను" అని లోపల కుమిలిపోతారు. అడగకపోయినా సరే, "ఇది నీ వల్ల జరగలేదు" అని మీరే చెప్పండి.

నాలుగో తరగతిలో 'మై పెట్' అని ఎస్సే రాయమన్నప్పుడు, చనిపోయిన కుక్క గురించి కూడా కొందరు 'ఐ హ్యావ్ ఎ డాగ్' అనే రాస్తారు. ఇంగ్లిష్ టీచర్‌గా అక్కడ ఎర్ర పెన్నుతో 'హ్యాడ్' అని దిద్దడానికి నాకు చేయి రాదు. ఆ వాక్యం గ్రామర్ తెలియక రాసింది కాదు. ఆ బిడ్డకు ఇంకా కొంత సమయం కావాలి, అంతే.

ఇంకోటి తెచ్చుకోవడానికి ఎన్నాళ్లు ఆగాలి?

ఇన్ని రోజులని లెక్క లేదు. ఒక ఇంట్లో రెండు నెలలు చాలు, ఇంకో ఇంట్లో ఏడాది పట్టవచ్చు. పాత కుక్క గురించి నవ్వుతూ కబుర్లు చెప్పుకోగలుగుతున్నారా? పిల్లలు "టామీలాంటిదే కావాలి" అనడం మాని, "ఇంకో కుక్కను పెంచుకుందామా" అంటున్నారా? ఇవి మంచి గుర్తులు. అచ్చం అదే రంగు, అదే జాతి కోసం వెతికి అదే పేరు పెట్టడం మాత్రం వద్దు. కొత్త కుక్క పాతదానిలా ఉండదు. రోజూ పోలికలు పెట్టి నిరాశ పడితే దానికీ అన్యాయమే, పిల్లలకూ అన్యాయమే.

ఆగడానికి ఆరోగ్య కారణం కూడా ఒకటుంది. మీ కుక్క పార్వో వ్యాధితో చనిపోయి ఉంటే చాలా జాగ్రత్త అవసరం. రక్త విరేచనాలు, వాంతులతో కుక్కపిల్లలను రోజుల్లో చంపేసే వైరస్ ఇది. ఇంటి నేలలో, పెరటి మట్టిలో నెలల తరబడి, కొన్నిచోట్ల ఏడాది వరకూ బతికే ఉంటుంది. మామూలు ఫినాయిల్‌తో పోదు. టీకాలు పూర్తికాని కుక్కపిల్లను ఆ ఇంటికి తెస్తే దానికీ అదే జబ్బు రావచ్చు. పిల్లలు వెంటవెంటనే రెండు చావులు చూడాల్సి వస్తుంది. పాత గిన్నె, పరుపు, మెడపట్టీ తీసేయండి. బ్లీచింగ్ ద్రావణంతో ఎలా శుభ్రం చేయాలో, ఎన్నాళ్లు ఆగాలో వెటర్నరీ డాక్టర్‌ని అడగండి. అలాంటి ఇంటికి టీకాలన్నీ పూర్తయిన పెద్ద కుక్కను దత్తత తీసుకోవడమే క్షేమం.

కొనడం కంటే దత్తత ఎందుకు?

హస్కీ, సెయింట్ బెర్నార్డ్ లాంటివి చలి దేశాల కుక్కలు. ఏప్రిల్, మే నెలల్లో మన విజయవాడ ఎండకు, రామగుండం ఎండకు అవి అల్లాడిపోతాయి. మన దేశీ కుక్కలకు పొట్టి బొచ్చు. ఈ వాతావరణంలోనే తరతరాలుగా బతికినవి. చెప్పింది త్వరగా నేర్చుకుంటాయి. వాటికి లేనిదల్లా ఒక ఇల్లు.

ఎక్కడ అడగాలి? హైదరాబాద్‌లో 1992లో అమల అక్కినేని ప్రారంభించిన బ్లూ క్రాస్ ఉంది. విశాఖపట్నంలో వీఎస్‌పీసీఏ షెల్టర్ ఉంది. మీ ఊళ్లో జంతు సంక్షేమ సంస్థ ఉందేమో వెటర్నరీ ఆస్పత్రిలో కనుక్కోవచ్చు. మున్సిపాలిటీలను కూడా అడగవచ్చు. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో, వీధికుక్కను దత్తత తీసుకోవాలనుకునేవారు మున్సిపల్ అధికారులకు దరఖాస్తు చేసుకోవచ్చని చెప్పింది. తీసుకున్న కుక్క మళ్లీ వీధిపాలు కాకుండా చూసే బాధ్యత వారిదేనని కూడా స్పష్టం చేసింది. ఈ రెండో మాట పిల్లలకు కూడా చదివి వినిపించండి.

"వీధికుక్కలంటే మాకు భయం"

ఆ భయం అర్థం లేనిది కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాబు ప్రాణాలు కోల్పోయిన వార్త మనమెవరం మరచిపోలేదు. అందుకే వీధిలో కనిపించిన కుక్కను పిల్లలే పట్టుకొచ్చేయడం సరికాదు. డాక్టర్ చూసిన, టీకాలు వేసిన, మనుషులకు అలవాటుపడిన కుక్కను షెల్టర్ వాళ్ల సలహాతో ఎంచుకోవాలి. ఒకటికి రెండుసార్లు వెళ్లి, పిల్లల ముందు అది ఎలా ఉంటోందో చూడాలి.

రేబిస్ లక్షణాలు మొదలైతే మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కానీ సమయానికి చికిత్స తీసుకుంటే పూర్తిగా నివారించవచ్చు. ఏ కుక్క కరిచినా, గీరినా, ఇంట్లో పెంచుకున్నదే అయినా సరే, వెంటనే 15 నిమిషాలపాటు కుళాయి కింద సబ్బుతో కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో టీకా ఉచితంగా వేస్తారు. డాక్టర్ రాసిచ్చిన తేదీల్లో అన్ని డోసులూ పూర్తి చేయాలి. తిడతారన్న భయంతో పిల్లలు చిన్న గాటును దాచిపెడతారు. "కుక్క గీరితే నాకు చెప్పు, నిన్ను ఏమీ అనను" అని ముందే మాటివ్వండి.

తెచ్చుకునే ముందు కూర్చుని మాట్లాడుకోండి

ఇంట్లో అందరూ, నాయనమ్మ, తాతయ్యలతో సహా, ఒక సాయంత్రం కూర్చోండి. ఈ ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాయండి.

1. కుక్క పది నుంచి పదిహేనేళ్లు బతుకుతుంది. ఇప్పుడు ఐదో తరగతి చదివే మీ బాబు ఇంటర్‌కి హాస్టల్‌కి వెళ్లేసరికి దానికి ఆరేడేళ్లే ఉంటాయి. అప్పుడు ఎవరు చూసుకుంటారు? ఈ జవాబులో పెద్దవాళ్ల పేరు లేకపోతే ఇప్పుడే తెచ్చుకోకండి.

2. ఉదయం, సాయంత్రం బయటికి ఎవరు తిప్పుతారు? పరీక్షల నెలలో ఎవరు?

3. తిండి, టీకాలు, డాక్టర్ ఫీజు, పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్... ఈ ఖర్చు నెల బడ్జెట్‌లో పడుతుందా?

4. అద్దె ఇల్లయితే ఓనర్ ఒప్పుకున్నారా? అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు పెంపుడు కుక్కలను నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అలాగని ఇరుగుపొరుగుతో గొడవ అక్కర్లేదు. లిఫ్టులో పట్టీ పట్టుకోవడం, మలాన్ని మనమే తీసేయడం మన బాధ్యత. మున్సిపాలిటీలో నమోదు కూడా చేయించుకోండి.

5. సంక్రాంతికి, దసరాకు ఊరెళితే కుక్క ఎక్కడ ఉంటుంది?

ఉద్వేగంలో తెచ్చుకుని, నెల తిరగకుండానే "మావల్ల కాదు" అని వదిలేస్తే, ఒకసారి ఇల్లు కోల్పోయిన కుక్క రెండోసారి కూడా కోల్పోతుంది. కష్టమైతే వదిలించుకోవచ్చని పిల్లలు మనల్ని చూసే నేర్చుకుంటారు. కాబట్టి "ఇప్పుడు వద్దు" అని నిజాయితీగా అనుకోవడం కూడా మంచి నిర్ణయమే. అలాంటప్పుడు సెలవు రోజు పిల్లలను షెల్టర్‌కి తీసుకెళ్లి పాత దుప్పట్లు, తిండి ఇచ్చి రావచ్చు.

మొదటి మూడు నెలలు

షెల్టర్ నుంచి వచ్చిన కుక్క మొదటి రోజే తోక ఊపుతూ మీద పడదు. కుక్కల్ని దత్తత ఇచ్చేవాళ్లు 'మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు' అని ఒక లెక్క చెబుతారు. మొదటి మూడు రోజులు అది బెదిరిపోయి మంచం కింద దూరుతుంది, సరిగా తినదు. మూడు వారాలకు ఇంటి వేళలు అలవాటవుతాయి. ఇది నా ఇల్లే అని నమ్మడానికి మూడు నెలలు పడుతుంది. కొన్నిటికి ఇంకా ఎక్కువ పట్టవచ్చు.

ఈ రోజుల్లో పిల్లలకు నాలుగు నియమాలు చెప్పండి. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు దాన్ని ముట్టుకోకూడదు. గట్టిగా కౌగిలించుకోకూడదు. తోక కాళ్ల మధ్య పెట్టుకున్నా, కదలకుండా బిగుసుకుపోయినా, గుర్రుమన్నా దూరంగా జరగాలి. మన ప్లేట్లోని చాక్లెట్, ద్రాక్ష, ఉల్లిపాయ పెట్టకూడదు, అవి కుక్కలకు విషం. చిన్నపిల్లలను కుక్క దగ్గర ఒంటరిగా అసలు వదలకండి. తెచ్చిన వారంలోనే వెటర్నరీ డాక్టర్‌కి చూపించి టీకాలు, నులిపురుగుల మందు, గోమార్ల మందు సంగతి మాట్లాడండి.

పాత కుక్క ఫొటో గోడ మీదే ఉండనివ్వండి. "టామీని మరచిపోతున్నానేమో" అని పిల్లలు బెంగపడితే, కొత్తదాన్ని ప్రేమించడం టామీకి ద్రోహం కాదని చెప్పండి. తమ్ముడు పుట్టాడని అక్క మీద ప్రేమ తగ్గలేదు కదా, ఈ ఉదాహరణ వాళ్లకు బాగా అర్థమవుతుంది.

ఈ నెల ఇంట్లో చేయాల్సిన పని

మీ ఇంట్లో ఎప్పుడైనా ఒక జంతువు చనిపోయి ఉంటే, కుక్కైనా, పిల్లైనా, చిలుకైనా, చేపైనా సరే, పిల్లలతో కలిసి ఒక పేజీ రాయండి. దాని పేరు ఎవరు పెట్టారు, దానికి ఏం ఇష్టం, అది చేసిన అల్లరి ఏమిటి, దాని నుంచి మనం ఏం నేర్చుకున్నాం. తెలుగులో రాసినా, ఇంగ్లిష్‌లో రాసినా పర్వాలేదు. స్పెల్లింగులు దిద్దకండి, మార్కులు వేయకండి. రాస్తూ కన్నీళ్లు పెట్టుకుంటే ఆపకుండా పక్కన కూర్చోండి. ఇష్టమైతే ఆ పేజీని స్కూల్‌కి పంపండి, క్లాసులో చదువుకుందాం. మీ ఇంట్లో ఈమధ్యే అలాంటిది జరిగి ఉంటే డైరీలో ఒక్క వాక్యం రాయండి చాలు. ఆ వారం మీ పిల్లల్ని మేం కాస్త ఎక్కువ కనిపెట్టుకుని ఉంటాం.