అడక్కపోయినా చెప్పాల్సినవి

చి. సురేష్‌కు మామయ్య ఆశీస్సులు.

ఎ.కొండూరు ఇంటికి బేరం కుదిరేలా ఉందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "అడిగితే చెబుదాం, అడక్కపోతే మనకెందుకు" అన్నావట. అడ్వాన్సు పుచ్చుకోకముందే ఈ ఉత్తరం చదువు.

1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలో 55వ సెక్షన్ ఉంది. ఇంట్లోగానీ హక్కులోగానీ పెద్ద లోపం ఉండి, అది నీకు తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా అతనికి దొరకనిదైతే నువ్వే నోరు విప్పాలి. దాస్తే మోసం కిందే లెక్క. ఇవన్నీ రెరా వచ్చాక బిల్డర్లకు పెట్టిన రూల్సని నీ స్నేహితుడెవరో అన్నాడట. రెరా 2016లో వచ్చింది. ఇది అంతకు 134 ఏళ్ల ముందుది.

వరండాలో పగిలిన పెంకులు ఎవరికైనా కనిపిస్తాయి, వాటి సంగతి వదిలెయ్. వెనక గది ఉత్తరం గోడ అలా కాదు. వానాకాలం వస్తే మోకాలెత్తు చెమ్మెక్కి సున్నం పొరలుగా రాలుతుంది. ఎండల్లో చూసినవాడికి ఏమీ తెలీదు. దానిమీద పుట్టీ పెట్టించి రంగేయిద్దామని మేస్త్రీతో మాట్లాడావట. మానుకో. కావాలని కప్పిపెట్టడం కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ కిందా మోసమే.

గోడకన్నా నాకు హక్కు సంగతే భయం. ఇల్లు బావ స్వార్జితం, వీలునామా రాయకుండా పోయాడు. మీ నానమ్మ అంతకుముందే పోయింది. కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ అమ్మకీ నీకూ చెల్లికీ సమాన వాటాలు. పెళ్లికి కట్నం ఇచ్చాం కదా అంటే చెల్లి వాటా పోదు. ఇదేదీ ఈసీలో కనపడదు, అందులో వచ్చేవి రిజిస్టరైన లావాదేవీలే. పాపం, కొనేవాడు ఈసీ తీసి అంతా శుభ్రంగా ఉందనుకుంటాడు. చెల్లి దస్తావేజులో సంతకమైనా పెట్టాలి, ముందుగా హక్కు విడుదల పత్రమైనా రిజిస్టరు చేయించాలి.

ఇక నీళ్లు. మన మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో, బోరు నీళ్లమీద అనుమానం ఎంత బలంగా ఉందో ఇక్కడివాళ్లకి తెలుసు. పైఊరి నుంచి వచ్చేవాడికి తెలియకపోవచ్చు. ఊరందరి నీటి ఇబ్బంది ఒక్క ఇంటి లోపమవుతుందా అంటే ప్లీడర్లు పూటంతా వాదిస్తారు. నేనైతే అంతదాకా రానివ్వను. మన బోరు నీళ్లు తాగమనీ, తాగడానికి టిన్ను తెప్పించుకుంటామనీ చెప్పెయ్. పరీక్ష చేయించిన కాగితం ఉంటే చూపించు. అతనే అడిగాడా, ఇంటి గురించి తెలిసినంతవరకు నిజం చెప్పాలని అదే సెక్షన్ అంటోంది.

అమ్మిన తేదీ దాకా ఇంటిపన్ను బాకీ నీదే. బావ కాగితాలు కుదువపెట్టి తెచ్చిన అప్పు పూర్తిగా తీరిందో లేదో బ్యాంకులో కనుక్కో. చెప్పినవన్నీ అగ్రిమెంటులో రాయించు, నోటిమాటకు రేపు రుజువుండదు. చెమ్మ గోడ చూపించి ధర కొంచెం తగ్గించమంటాడు, తగ్గించు. ముందు మాత్రం ఈ ఆదివారం చెల్లెలి దగ్గరికి వెళ్లి మాట్లాడు. అగ్రిమెంటు చిత్తుప్రతి నాకు పంపు.

మీ మామయ్య