ప్రయాణానికి ముందు నది వెంట

ధవళేశ్వరం

మనవరాలికి తాతయ్య రాస్తున్నది.

చదువు పూర్తవగానే రైళ్లలో దేశమంతా తిరిగొస్తానన్నావు, మంచి ఆలోచన. వెళ్ళేముందు ఏం చదవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగావు. రాష్ట్రాల పట్టిక ముందేసుకుని ఒక్కోదాని రాజధాని, భాష, వంటకం, పండగ బట్టీపట్టే పని మాత్రం పెట్టుకోకు. అది పోటీ పరీక్షలకు సరిపోతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం పదివేల మందికి తగ్గకుండా మాట్లాడే భాషలే మన దేశంలో 121 ఉన్నాయి; బట్టీపట్టి ఒడ్డెక్కే వ్యవహారం కాదిది. నేను చెప్పేది ఒకటే. దేశం ఇప్పటికే ఏ దారిన మన ఊరికి వచ్చి చేరుతోందో చూడు, ఆ దారి పట్టుకుని ఎదురు నడు. ధవళేశ్వరంలో పుట్టి పెరిగిన పిల్లవి, ఆ దారి కోసం నువ్వు వెతుక్కోనక్కర్లేదు.

గోదావరే ఆ దారి. మన దగ్గర చినుకు రాలని రోజున కూడా ఆనకట్ట దగ్గర వరద ప్రమాద హెచ్చరిక ఇస్తారు. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటిది, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఆ నీళ్లు మనవి కావు. విదర్భలో వానలు దంచికొడితే వార్ధా, వైన్‌గంగా పొంగి, ప్రాణహితగా వచ్చి కాళేశ్వరం దగ్గర గోదావరిలో పడతాయి. ఇంద్రావతి ఒడిశాలోని కలహండిలో పుట్టి బస్తర్ అడవుల మీదుగా వస్తుంది. శబరి కూనవరం దగ్గర కలుస్తుంది. భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులు దాటిందన్న కబురు వినగానే ఇక్కడ లంకల్లో వాళ్ళు గొడ్డూగోదా మెరకకు తోలుకుంటారు. 1986 ఆగస్టులో మన ఆనకట్ట మీదుగా 35 లక్షల క్యూసెక్కుల నీరు పోయిందంటే, అన్ని చోట్ల ఆకాశం ఏకమైందన్నమాట. లంక రైతు నాగపూర్ చూసి ఉండకపోవచ్చు. నాగపూర్‌లో కురిసిన వాన తన అరటితోటను ఏం చేయగలదో మాత్రం అతనికి తెలుసు. చూడని చోటు గురించి ముందుగా తెలుసుకోవాల్సింది ఇలాంటి సంగతులే. పటంలో ఈ ఉపనదుల మీద వేలు పెట్టి పైకి పోతే తెలుగు, కోయ, గోండి, హల్బీ, ఒడియా, మరాఠీ మాట్లాడే ఊళ్ళన్నీ తగులుతాయి. ఎవరూ నీకు పాఠం చెప్పకుండానే ఆరు భాషల నేల వరసలో నిలబడుతుంది.

ఇదే నదిని ఇంకో వైపునుంచి చూడు. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు మనకు పుష్కరాలు. సరిగ్గా ఆ సింహ బృహస్పతికే, నది పుట్టిన త్ర్యంబకంలోనూ నాసిక్‌లోనూ సింహస్థ కుంభమేళా. 2015లో మనం జులై 14 నుంచి 25 దాకా పన్నెండు రోజులు మునిగి, పిండాలు పెట్టి, ఇంటికి వచ్చేశాం. అక్కడ మేళా అదే జులైలో మొదలైనా, అఖాడాల సాధువుల రాజస్నానాలు ఆగస్టు నెలాఖరు నుంచి సెప్టెంబరు దాకా సాగాయి. నది ఒకటే, గ్రహం ఒకటే. మన దగ్గర పితృదేవతలకు పెద్దపీట, అక్కడ సాధువుల ఊరేగింపుకు పెద్దపీట. నెలల లెక్క కూడా అంతే. మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది, కాశీలో పున్నమితో ముగుస్తుంది. కార్తిక పున్నమి వెళ్ళాక ఇంకా పదిహేను రోజుల కార్తికం మిగిలి ఉందనుకుని నువ్వు కాశీలో దిగితే, వాళ్ళు అప్పటికే మార్గశిరంలో ఉంటారు. మన పంచాంగం తప్పు కాదు, వాళ్ళదీ తప్పు కాదు. దేశ వైవిధ్యం మీద వేదికలెక్కి చేసే ఉపన్యాసాలకంటే ఈ ఒక్క లెక్క నాకు ఎక్కువ నచ్చుతుంది.

ముందే తెలుసుకుంటే ముందే అభిప్రాయాలు గట్టిపడిపోవా అని నువ్వు అడుగుతావు. న్యాయమైన ప్రశ్న. ఫలానా రాష్ట్రం వాళ్ళు పిసినార్లు, ఫలానా వాళ్ళు జగడాలమారులు అనే సరుకు మూటగట్టుకుని వెళ్ళేకంటే ఏమీ తెలియకుండా వెళ్ళడమే మేలు. కానీ మనుషుల స్వభావం గురించి విన్న మాట వేరు, వానా పంటా నేలా గురించి తెలుసుకున్న సంగతి వేరు. మన ఆనకట్ట కట్టించిన కాటన్‌నే చూడు. గోదావరి దగ్గరికి రాకముందు ఆయన కావేరి, కొల్లిడం నదుల మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. రాతి పునాది దొరకని ఇసుకలో కట్టడాన్ని నిలబెట్టే కిటుకు పాతకాలంలో కావేరి మీద కల్లణై ఆనకట్ట కట్టినవాళ్ళ దగ్గరే నేర్చుకున్నామని ఆయనే రాశాడు. అలాగని కావేరి నమూనా తెచ్చి ఇక్కడ అతికించలేదు. నదిని సర్వే చేశాడు, లంకల నడుమ పాయలుగా చీలిన చోటు చూసుకున్నాడు, ధవళేశ్వరం కొండ రాయి చేతికందుతుందని లెక్కవేశాడు. ఆ తర్వాతే 1847లో పని మొదలై 1852కు ఆనకట్ట పూర్తయింది. కావేరి దగ్గర నేర్చిందానితో ఆయన గోదావరిని ఏమేం అడగాలో తెలుసుకున్నాడు. జవాబులు మాత్రం గోదావరి దగ్గరే తీసుకున్నాడు.

ఏమీ తెలియకుండా వెళ్తేనే సరదా అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు మొక్కపాటివారి నవలలో మన పక్క మొగలితుర్రు నుంచి ఇంగ్లండుకు బయల్దేరిన బారిస్టర్ పార్వతీశాన్ని చూపిస్తే చాలు. మద్రాసులో ఆడవాళ్ళ టోపీ కొని నెత్తిన పెట్టుకున్నది ఆయన, నవ్వుకున్నది మనం. ఆ పుస్తకంలో సరదా పాఠకుడిది. ప్రయాణికుడికి దక్కింది అవస్థ. ఇక ఫోనులో అంతా దొరుకుతుందిగా అంటావేమో. దొరుకుతుంది, అడగడం తెలిస్తే. ఏం అడగాలో పాతకాలపు యాత్రికుడొకాయన చూపించాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా చేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. దారి పొడుగునా చూసింది స్నేహితుడికి రాసి పంపాడు. అది 1838లో పుస్తకంగా అచ్చయింది. దిగిన ఊళ్ళలో మంచినీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, బసకు చోటుందా అని తర్వాత వచ్చేవాళ్ళ కోసం రాసుకుంటూ పోయాడు. ఈనాటి ఫోను ఒక చోటుకు ఎన్ని నక్షత్రాలిచ్చారో చెబుతుంది. అక్కడి చెరువులో వేసవికి నీళ్ళుంటాయా అన్నది మనం అడిగితేనే చెబుతుంది. వీరాస్వామయ్య పుస్తకం మాత్రం బయల్దేరేలోగా చదువు. భాష కాస్త పాతది, నాలుగు పేజీలు గడిస్తే అలవాటవుతుంది.

పనికొచ్చే మాటలు రెండు. అరుణాచల్, నాగాలాండ్, మిజోరం, మణిపూర్‌లకు మనదేశస్థులమైనా ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి. 1873 నాటి చట్టం నుంచి వచ్చిన ఏర్పాటది. తమిళ తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే పెద్దవానలు, కాబట్టి మన వర్షాకాలం అయిపోయింది కదా అని నవంబరులో అటు టికెట్టు తీయకు.

మొదటి ప్రయాణం ఎక్కడికో కూడా చెప్పేస్తాను. 2027లో మన పుష్కరాలు, నాసిక్ సింహస్థం రెండూ మళ్ళీ వస్తున్నాయి. ఈసారి నువ్వు నాసిక్ వెళ్ళు. ఇక్కడ స్నానానికి మేమందరం ఉన్నాం.