చేతిమర

పాఠ్యభాగ పరిచయం

రోలు, రోకలి, తిరగలి తెలుగువారి వంటింటికి తరతరాల చుట్టాలు. రోకటి పాటలు, తిరగటి పాటలు జానపద వాఙ్మయంలో ఒక శాఖగా నిలిచిపోయాయి. వీటికి కడగొట్టు తోబుట్టువుగా వచ్చి, ఏ పాటకూ నోచుకోక, రెండు మూడు తరాలలోనే అటకెక్కిన పనిముట్టు కాఫీగింజలను పొడిచేసే చేతిమర. దాని నిర్మాణాన్ని, వాడుకను, దానిని తిప్పిన చేతుల శ్రమను ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

'కాఫీ' అన్న మాట మనది కాదు. అరబ్బీలో 'ఖహ్వా'గా, తుర్కీలో 'కహ్వే'గా ఉన్న శబ్దం ఐరోపా భాషల గుండా తిరిగి తిరిగి మన దగ్గరకు వచ్చింది. చెట్టుకు పుట్టినిల్లు ఇథియోపియా. యెమెన్ దేశంలో దాని సాగు విస్తరించింది. మక్కా యాత్ర ముగించుకొని వస్తూ బాబా బుడన్ అనే సూఫీ సాధువు ఏడు గింజలను దాచి తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటాడని 17వ శతాబ్దానికి సంబంధించిన ఐతిహ్యం ఒకటి ఉంది. ఆ కొండలకు నేటికీ ఆయన పేరే. తెలుగునేల మీద తూర్పు కనుమలలో, అరకు, పాడేరు ప్రాంతాల గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల నడుమ కాఫీని పండిస్తున్నారు. వారి అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది.

తెలుగు మధ్యతరగతి ఇళ్ళలో కాఫీ 20వ శతాబ్దంలో క్రమంగా చద్దన్నపు చోటును ఆక్రమించింది. పెద్దలు మొదట దానిని దురలవాటన్నారు. పిల్లలు వినలేదు. కొన్నాళ్ళకు ఆ పెద్దలే తెల్లవారుజామున పడకమీద లేచి కూర్చుని వంటింటి వైపు చెవి ఒగ్గసాగారు. దేవతాస్తుతికి వాడే దండకం కాఫీ మీద కూడ వెలసిందంటే ఆ పానీయం మన జీవితంలోకి ఎంత లోతుగా దిగిందో ఊహించుకోవచ్చు.

వంటింటి నుండి వారు వినగోరిన చప్పుడు చేతిమరది. 'మర' అనే మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి. బియ్యపు మర అన్నప్పుడు అది యంత్రం. మరచెంబు, మరమేకు అన్నప్పుడు మెలికలు తిరిగిన చుట్లు. కాఫీ పొడిచేసే ఈ సాధనంలో రెండు అర్థాలూ ఒకచోట కలుస్తాయి. అది యంత్రమే. దాని గుణమంతా ఒక చిన్న మరమేకు బిగింపులో ఉన్నది.

కాఫీగింజను పూర్వం అరబ్బు దేశాలలో రోట్లో దంచేవారు. తుర్కులు పొడవాటి ఇత్తడి గొట్టం వంటి మరను వాడారు. ఫ్రాన్సులో ప్యుజో కుటుంబంవారు 1840లో కాఫీ మరలను తయారుచేశారు. తరువాతి కాలంలో సైకిళ్ళకు, కార్లకు పేరుపడినవారు వారే. కొయ్యపెట్టె మీద పిడి, అడుగున పొడి పడే సొరుగు ఉండి, మోకాళ్ళ మధ్య ఇరికించుకొని తిప్పే రకం ఐరోపా ఇళ్ళలో వ్యాపించింది. దక్షిణ భారతంలో ఎక్కువగా కనిపించినది పోత ఇనుముతో చేసి, బల్ల అంచుకో పీట అంచుకో బిగించే రకం. పీటకు బిగిస్తే మరొక సౌకర్యం ఉంది. పీట మీద ఒకరు కూర్చుంటే అది కదలదు.

దాని నిర్మాణం సరళం. పైన గరాటు వంటి తొట్టి ఉంటుంది. తొట్టి కింద రెండు లోహభాగాలు ఉంటాయి. వెలుపలిది కదలని వలయం, లోపలిది పిడితో పాటు తిరిగే శంఖువు. రెండింటికీ ఏటవాలు పళ్ళుంటాయి. గింజ ప్రవేశించే చోట పళ్ళు పెద్దవి, ఎడం ఎక్కువ. అక్కడ గింజ విరుగుతుంది. ముందుకు పోయేకొద్దీ పళ్ళు సన్నమై, ఎడం తగ్గి, ముక్కలు నలిగి పొడి రాలుతుంది. తిరగలిని చూచినవారికి ఇది కొత్త కాదు. తిరగలిలో కింది రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది, గింజ నడిమి కన్నంలో పడి అంచుదాకా నడచి పిండి అవుతుంది. ఇక్కడ రాతికి బదులు లోహం వచ్చింది, అంతే. అయితే తిరగలికి లేని వసతి ఒకటి ఇక్కడ ఉన్నది. వలయానికి, శంఖువుకు నడుమ ఎడాన్ని మరమేకుతో ఇష్టం వచ్చినట్లు సవరించుకోవచ్చు.

ఈ సవరింపు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ఫిల్టరు పని తెలియాలి. ఇత్తడి ఫిల్టరులో రెండు గిన్నెలు ఒకదానిపై ఒకటి కూర్చుంటాయి. పై గిన్నె అడుగున సన్నని చిల్లులుంటాయి. అందులో పొడి వేసి, చిల్లుల బిళ్ళతో మెల్లగా అదిమి, మరిగిన నీరు పోస్తే డికాషను బొట్టు బొట్టుగా కింది గిన్నెలోకి దిగుతుంది. అది 15, 20 నిమిషాల పని. పొడి మరీ మెత్తనైతే తడిసి ముద్దై చిల్లులకు అడ్డుపడుతుంది. నీరు దిగదు. దిగినది చేదెక్కుతుంది. పొడి బరకైతే నీరు ఆగకుండా జారిపోయి, రంగు తప్ప రుచి లేని డికాషను మిగులుతుంది. పంచదార పలుకుకంటె కొంచెం సన్నగా, గోధుమపిండికంటె బరకగా ఉండే మేలిరకం రవ్వ ఫిల్టరుకు తగినది. ఈ కొలతను కళ్ళు పట్టలేవు. బొటనవేలికి, చూపుడువేలికి నడుమ చిటికెడు పొడి నలిపి చూసినప్పుడు వేళ్ళు పడతాయి.

తెనాలి వంటి ఊరిలో 1960ల నాటి ఇల్లొకటి ఊహించుకుందాం. ఇంకా తెల్లవారలేదు. పన్నెండేళ్ళ మనుమరాలు పీటమీద కూర్చుని మర తిప్పుతున్నది. నాయనమ్మ పొయ్యి దగ్గర పాలు కాస్తూ, వెనుదిరగకుండానే పని చూస్తున్నది.

"మెల్లగా తిప్పవే తల్లీ. పరుగెత్తిస్తే పొడి వేడెక్కుతుంది."

"చెయ్యి లాగుతోంది నాయనమ్మా. ఇంకా ఎంతసేపు?"

"చప్పుడు మారేదాకా."

మొదట గింజలు పళ్ళకు తగులుతున్నప్పుడు మర గరగరలాడుతుంది, పిడి బరువుగా ఉంటుంది. తొట్టి ఖాళీ అవుతున్నకొద్దీ ధ్వని పలచబడుతుంది. చివరి గింజ దిగగానే పిడి ఒక్కసారిగా తేలికై గిర్రున తిరుగుతుంది. నాయనమ్మకు ఆ క్షణం చెవితోనే తెలుస్తుంది. ఇద్దరికి కావలసిన డికాషనుకు 20 గ్రాముల గింజలు చాలు. లెక్కకు అవి సుమారు నూట యాభై. ఆ ఇంట తాగేవారు ఎనిమిది మంది. పైగా రెండు పూటలు.

"అన్నయ్యని తిప్పమనకూడదూ?"

"వాడు చదువుకుంటున్నాడు కదమ్మా."

పాఠశాల ఇద్దరికీ ఉన్నది. ఆ పిల్ల మరొక మాట అనలేదు. పిడి మాత్రం కొంచెం వేగంగా తిరిగింది. "మెల్లగా" అని పొయ్యి దగ్గరి నుండి మళ్ళీ వినిపించింది.

నాయనమ్మ చెప్పిన జాగ్రత్తలలో పెద్దరికమే కాదు, శాస్త్రమూ ఉన్నది. వేయించిన కాఫీగింజలో వందలాది పరిమళ ద్రవ్యాలు ఏర్పడతాయి. వేపుడులో పుట్టిన బొగ్గుపులుసు వాయువు కూడ గింజలో చిక్కుకొని ఉంటుంది. గింజ గింజగా ఉన్నంతకాలం ఇవి నెమ్మదిగా బయటపడతాయి. పొడి చేయగానే దారులన్నీ తెరచుకుంటాయి. ఒక సెంటీమీటరు భుజం గల ఘనానికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దానినే మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే వేయి ముక్కలై, మొత్తం ఉపరితలం 60 చదరపు సెంటీమీటర్లవుతుంది. పదార్థం పెరగలేదు, గాలి తగిలే చోటు పదింతలైంది. పొడి ఇంకా సన్ననైతే ఆ చోటు ఇంకా పెరుగుతుంది. ఇల్లంతా గుబాళించడం అందుకే. ఐతే ఇంట్లో వ్యాపించిన వాసన గ్లాసులోకి రావలసిన వాసనే గదా! కనుక ఏ పూట పొడి ఆ పూటే, నీరు మరుగుతున్నప్పుడే ఆడుకోవాలి. వేగంగా తిప్పితే రాపిడి పెరుగుతుంది, రాపిడితో వేడి, వేడితో పరిమళ నష్టం. చేతి వేగానికి కలిగే వేడి కొద్దిపాటిదే. అయినా తొందరపడి తిప్పినప్పుడు పిడి కుదుపులకు గురై, పొడి ఒక తీరుగా రాదన్నది మాత్రం నిజం.

మిక్సీతో ఈ పని జరగదా అంటే జరుగుతుంది. కాని మిక్సీ బ్లేడు నలపదు, కొడుతుంది. దెబ్బ తగిలిన ముక్కే మళ్ళీ మళ్ళీ తగిలి ధూళి అవుతుంది. తప్పించుకొన్నది పలుకుగా మిగులుతుంది. ఒకే ఫిల్టరులో ధూళి చేదునూ పలుకు నీళ్ళదనాన్నీ ఇస్తాయి. మరలో ఎడం ఒక్కటే కనుక, ఆ ఎడాన్ని దాటగలిగినంత సన్ననైతే తప్ప ముక్క బయటపడదు.

మరను కాపాడుకొనే తీరు వేరు. నీటితో కడగరాదు, పోత ఇనుము తుప్పు పడుతుంది. పొడిగుడ్డతో, చిన్న కుంచెతో దులిపితే చాలు. దులపకుండా వదిలితే గింజలలోని నూనె పళ్ళ సందులలో పేరుకొని కొన్నాళ్ళకు ముక్కవాసన వేస్తుంది. గింజలను ముందుగా చాటలో పోసి రాళ్ళు ఏరాలి. చిన్న గులకరాయి ఒక్కటి చాలు, పన్ను విరగడానికి. చికోరి కలుపుకొనేవారు దానిని మరలో వేయరాదు. అది ఒక వేరును వేయించి చేసిన పదార్థం. తేమ పీల్చి జిగురెక్కి పళ్ళకు పట్టుకుంటుంది. ఆడిన కాఫీపొడిలోనే దానిని కలుపుకోవాలి. ఇక ధనియాలు, మిరియాలు ఒక్కసారి వేసిన మరలో తరువాత వారం రోజులు కాఫీకి బదులు చారు తాగవలసి వస్తుంది.

ఇంత నేర్పు పట్టిన పనిముట్టు ఎందుకు అటకెక్కింది? వీధి చివర కాఫీపొడి దుకాణాలు వెలసి, విద్యుత్తుతో నడిచే పెద్ద మరలు వచ్చాయి. పీబెర్రీ ఇంత, ప్లాంటేషను ఇంత, చికోరి ఇంత అని చెబితే కళ్ళముందే ఆడించి, వేడి వేడి పొట్లం చేతికిచ్చేవారు. నీటిలో కలిపితే చాలునన్న ఇన్‌స్టంట్ పొడి సీసాలు కూడ వచ్చాయి. దీనిని రుచికి జరిగిన అన్యాయంగా చెప్పేవారున్నారు. వారిలో అధికులు మర తిప్పినవారు కారు, తిప్పించుకొన్నవారు. ఆ తెనాలి పిల్ల వంటివారికి పొడి పొట్లం వచ్చిన రోజు పండుగ. తెల్లవారుజామున అరగంట నిద్ర, లేదా అరగంట చదువు తిరిగి దక్కాయి. తాజా కాఫీ గొప్పదనాన్ని చెప్పేటప్పుడు ఈ అరగంట ఎవరి ఖాతాలోనిదో కూడ చెప్పడం న్యాయం.

చేతిమర మళ్ళీ వచ్చింది. ఇప్పటిది అరచేతిలో ఇమిడే ఉక్కు గొట్టం. లోపల ఉక్కుతోనో పింగాణీతోనో చేసిన శంఖువు, ఎడాన్ని సవరించడానికి లెక్క పెట్టుకోదగిన మెట్లు. రూపం పాత తుర్కు మరకు దగ్గరది. దానిని కొనేవారు తమ గ్లాసుకు తామే తిప్పుకుంటున్నారు. ఇంట ఎనిమిది మందికీ ఒక్కరే తిప్పవలసినప్పుడు భారమైన పని, ఇద్దరికి ఇద్దరూ వంతులవారీగా తిప్పుకుంటే రెండు మూడు నిమిషాలలో ముగిసిపోతున్నది. మొదటిసారి కొన్నవారు సాధారణంగా ఒక పొరపాటు చేస్తారు. కాఫీ చేదుగా ఉంటే గింజలను నిందిస్తారు, పలచనైతే పాలను నిందిస్తారు. మరమేకును ఒక మెట్టు వదులు చేసి, మరునాడు ఒక మెట్టు బిగించి, ఒకే గింజతో నాలుగు రోజులు పరీక్షిస్తే తమ ఫిల్టరుకు తగిన ఎడం దొరుకుతుంది.

పాత ఇళ్ళలో వంటింటి పీటలు ఇప్పటికీ కొన్ని మిగిలి ఉన్నాయి. వాటిని తిరగవేసి చూస్తే అంచుకు లోపలి వైపు, రూపాయి బిళ్ళంత మేర, కొయ్య గుండ్రంగా నొక్కుకుపోయి కనిపిస్తుంది. మర బిగింపు ఏళ్ళ తరబడి కరచిపట్టిన చోటు అది.

కఠిన పదాలు – అర్థాలు

కడగొట్టు : చివరిగా పుట్టిన
ఐతిహ్యం : పరంపరగా చెప్పుకొనే కథ
ఎడం : నడిమి ఖాళీ
శంఖువు : అడుగు గుండ్రంగా, కొన సన్నగా ఉండే ఆకృతి
బొగ్గుపులుసు వాయువు : కార్బన్ డై ఆక్సైడ్
ముక్కవాసన : నిలువ దోషం వల్ల కలిగే చెడువాసన

ప్రశ్నలు

1. తిరగలికి, చేతిమరకు గల పోలికను, భేదాన్ని వివరించండి.
2. "ఏ పూట పొడి ఆ పూటే" అనడానికి గల కారణాలను పాఠం ఆధారంగా రాయండి.
3. నాయనమ్మ, మనుమరాలి సంభాషణలో వ్యక్తమైన సామాజిక స్థితిని చర్చించండి.
4. 'మర' అనే పదం చేరిన మరికొన్ని మాటలను మీ ఇంట, మీ ఊరిలో విన్నవాటిని సేకరించి, ఏ అర్థంలో వాడుతున్నారో రాయండి.