జ్ఞానదానము - గ్రంథస్వామ్యము
(గృహస్థుల స్వాధ్యాయమునకు ఒక పాఠము)

మైలాపూరు సముద్రతీరమున పూర్వము నేమినాథ తీర్థంకరుని ఆలయము ఉండెడిదనియు, సముద్రము ముందుకు చొచ్చుకొని వచ్చుటచే స్వామి విగ్రహమును మేల్ సిత్తామూరునకు తరలించిరనియు జైనుల పరంపర చెప్పుచున్నది. ఆ ఆలయము నేడు లేదు. కాని ఆ స్వామి పేరు నిలిచినది. గుణవీర పండితుడు తాను రచించిన తమిళ వ్యాకరణమునకు మైలాపూరు స్వామి పేరనే ‘నేమినాథము’ అని పేరిడెను. అవిరోధి ఆళ్వారు ఆ స్వామిపై ‘తిరునూఱ్ఱందాది’ పాడెను. రాతితో కట్టినది పోయినది, తాటాకుపై వ్రాసినది మిగిలినది.

ఎట్లు మిగిలినది? ఒకరు వ్రాసినదానికి మరియొకరు నకలు తీసిరి. ఆ నకలు శిథిలము కాకముందే ఇంకొకరు మరల నకలు తీసిరి. ఇందుకు వారు ఎవరి అనుమతియు కోరలేదు. వ్రాయించినవారు తమ సొమ్ము వెచ్చించి, పుణ్యకార్యమను భావముతో వ్రాయించిరి.

నేడు ఒక గ్రంథమునకో, పాటకో, కంప్యూటరు ప్రోగ్రామునకో అనుమతి లేక నకలు తీసినయెడల చట్టము దానిని నేరమనుచున్నది. చేసిన పని ఒక్కటే. ఒకనాడది దానము, నేడది దొంగతనము. ఇదెట్లు పొసగును? మన పిల్లలు ఈ ప్రశ్న అడుగుచున్నారు. చేతిలోని ఫోనుతో ఏ పుస్తకమునైనను, ఏ సినిమానైనను క్షణములో నకలు తీయగల కాలమున వారికి సమాధానము చెప్పుట పెద్దల విధి.

1. శాస్త్రము చెప్పు రెండు మాటలు

ఆహార, ఔషధ, శాస్త్ర, అభయ దానములని దానము నాలుగు విధములు. శాస్త్రదానమునకు పేరొందిన గృహిణి అత్తిమబ్బె. పదవ శతాబ్దమున ఆమె పొన్న కవి రచించిన శాంతిపురాణమునకు వేయి ప్రతులు వ్రాయించి పంచిపెట్టెనని ప్రసిద్ధి. అచ్చుయంత్రము లేని కాలమున వేయి ప్రతులనగా ఎందరు లేఖకులు, ఎన్ని మాసములు, ఎంత సొమ్ము కావలసియుండునో వర్తకులు సులభముగా ఊహింపగలరు.

ఉమాస్వామి తత్త్వార్థ సూత్రమున జ్ఞానావరణీయ కర్మము ఆత్మను చేరుటకు కారణములు చెప్పబడినవి. వానిలో మూడు ఈ పాఠమునకు ముఖ్యము. నిహ్నవము అనగా తెలిసినదానిని దాచుట, నేర్పిన గురువు పేరు చెప్పకుండుట. మాత్సర్యము అనగా ఎదుటివాడు తనతో సమానుడగునేమో యను ఓర్వలేనితనముచే చెప్పకుండుట. అంతరాయము అనగా ఇతరుల జ్ఞానార్జనకు అడ్డు తగులుట. కనుక విద్యను బిగబట్టుకొని కూర్చుండుట దోషము.

ఇది మొదటి మాట. దీనినే చూచి “అన్నియు అందరివే, తీసికొనుటలో తప్పులేదు” అనువారు ఆ గ్రంథముననే అచౌర్య అణువ్రతమునకు చెప్పిన ఐదు అతిచారములను కూడ చూడవలెను. దొంగతనమునకు ప్రేరేపించుట, దొంగసొత్తు కొనుట, రాజ్యశాసనమునకు విరుద్ధముగా వర్తకము చేయుట, తూనికలలో కొలతలలో మోసము, అసలువలె కనిపించు నకిలీ సరకుతో వ్యవహరించుట. ఈ చివరిదానికి ప్రతిరూపక వ్యవహారమని పేరు. మేలిమి బంగారమని చెప్పి కల్తీ బంగారము అమ్ముట ఎట్టిదో, ఒకరు వ్రాసినదానిపై మరియొకరి పేరు వేసి అమ్ముటయు అట్టిదే.

కాగా శాస్త్రము రెండు వైపులను చూచినది. తనదానిని బిగబట్టరాదు, పరులదానిని తీసికొనరాదు.

2. నడుమ మారినదేమి?

తాటాకుల కాలమున కవికి అన్నము పెట్టినది ప్రతుల వెల కాదు. పొన్న కవిచే శాంతిపురాణమును వ్రాయించినవారు అత్తిమబ్బె తండ్రి మల్లపయ్య, అతని సోదరుడు పున్నమయ్య. కవిని పోషించువాడొకడు, లేఖకునికి కూలి ఇచ్చువాడొకడు. ఎవరి కష్టమునకు తగిన ఫలము వారికి ముందే ముట్టినది. అందుచే ఎన్ని నకళ్లు తీసినను ఎవరి విస్తరిలోని అన్నమును తగ్గలేదు.

అచ్చుయంత్రము వచ్చిన పిదప పోషకుల వాడుక తగ్గినది. రచయితకు జీవనము ప్రతి పుస్తకముపై వచ్చు కొద్ది సొమ్మయ్యెను. ఇప్పుడు అనుమతి లేని నకలు సూటిగా అతని విస్తరిని తాకును. నకలు తీయు పని మారలేదు, రచయితకు అన్నము వచ్చు దారి మారినది. అందుకే చట్టము పుట్టినది. భారతదేశపు 1957 నాటి కాపీరైటు చట్టము 1958 జనవరి 21 నుండి అమలులోనున్నది. రచయిత జీవితకాలమును, మరణించిన పిదప 60 సంవత్సరములును హక్కు ఉండును. అటుపిమ్మట ఆ రచన లోకులందరిది. హక్కును అమ్ముకొన్నను, రచన తనదని చెప్పుకొను అధికారము రచయితకు పోదని ఆ చట్టమే చెప్పుచున్నది. నిహ్నవము కూడదన్న శాస్త్రవాక్యమునకు ఇది దగ్గరి మాట.

3. లజ్ వీధిలోని వర్తకుడు

మైలాపూరు లజ్ వద్ద నాగేశ్వరరావు పార్కు ఎరుగనివారుండరు. ఆ పేరు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో జన్మించిన ఆయన బొంబాయి చేరి 1893లో అమృతాంజనము వ్యాపారము ప్రారంభించెను. సంగీత సభలలో ఉచితముగా పంచి ఆ మందును జనులకు అలవాటు చేసెనని చెప్పుకొందురు. ఆంధ్రపత్రికను 1908లో బొంబాయిలో వారపత్రికగా స్థాపించి, 1914లో మదరాసునకు తెచ్చి దినపత్రికగా నడిపెను. 1924లో భారతి మాసపత్రికను, 1926లో ఆంధ్ర గ్రంథమాలను నెలకొల్పెను. మైలాపూరులోని ఆయన గృహము శ్రీబాగ్. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక ఆ యింటనే జరిగెను.

ఆంధ్ర గ్రంథమాలలో బసవపురాణము వంటి ప్రాచీన గ్రంథములను ఆయన చౌక వెలకు అందించెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ప్రారంభించిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము 1923లో ఆయన మరణముతో ఆగిపోగా, ఆ బరువును పంతులుగారు తలకెత్తుకొని 1930లలో సంపుటములు వెలువరించెను. ఈ పనులన్నిటికి మూలధనము తలనొప్పి మందు అమ్మిన లాభము. లోకులు ఆయనను విశ్వదాత అనిరి.

ఇందులో వర్తకులు గమనింపవలసిన సూక్ష్మ మొకటి కలదు. పంతులుగారు రెండు ఖాతాలు వేరువేరుగా ఉంచెను. అమృతాంజనము సరకు. ఆ పేరుతో మరియొకడు వేరే మందు అమ్మినచో మోసపోవునది కొనువాడు. కావున సరకు గుర్తును కాపాడుట లోభము కాదు, కొనువానియెడ బాధ్యత. గ్రంథము వేరు. అది ఎందరి చేతులలో పడిన అంత మేలు. అక్కడ లాభమునకు హద్దు గీచి, సరకు ఖాతాలోని మిగులును జ్ఞాన ఖాతాకు తోడెను. గృహస్థునకు విధించిన పరిగ్రహ పరిమాణ వ్రతమనగా ఇదియే. సర్వము విడుచుట మునులకు, హద్దు ఏర్పరచుకొనుట గృహస్థులకు.

4. భారతి పాటల హక్కు

మైలాపూరునకు పొరుగుననే యున్న ట్రిప్లికేనులో కవి సుబ్రహ్మణ్య భారతి 1921లో కన్నుమూసెను. బ్రతికినన్నాళ్లు దరిద్రముతో పోరాడెను. భార్య చెల్లమ్మ, ఇద్దరు కుమార్తెలు మిగిలిరి. పుస్తకములు అచ్చువేయు హక్కు ఆయన సవతి తమ్మునికి చేరెను. పాటలను గ్రామఫోను రికార్డులకు వాడుకొను హక్కును ఒక నగల వర్తకుడు కొనెను. అతనినుండి అది చిత్ర నిర్మాత ఏ.వి. మెయ్యప్ప చెట్టియారునకు చేరెను. 1947 నాటి ‘నామ్ ఇరువర్’ చిత్రములో ఆ పాటలను ఆయన వాడుకొనెను. 1948లో టి.కె. షణ్ముగం సోదరులు తమ ‘బిల్హణన్’ చిత్రములో ఒక భారతి పాట వాడగా చెట్టియారు అభ్యంతరము చెప్పి న్యాయస్థానమునకు వెళ్లెను.

చట్టము ప్రకారము ఆయన మాటలో తప్పులేదు. ధర ఇచ్చి కొన్న హక్కు. కాని స్వాతంత్ర్య పోరాటమున వీధివీధిని పాడుకొన్న పాటకు యజమాని ఒకడుండుట జనులకు సహింపరానిదయ్యెను. సభలు జరిగినవి, విజ్ఞాపనలు వెళ్లినవి. 1949లో ఓమందూరు రామస్వామి రెడ్డియారు ప్రభుత్వము హక్కులను స్వాధీనము చేసికొన నిశ్చయించెను. చెట్టియారు తన హక్కును వెల పుచ్చుకొనకయే ఇచ్చివేసెను. కవి భార్యకును, కుమార్తె లిద్దరికిని తలకు 5,000 రూపాయలు ప్రభుత్వ మిచ్చెను. కొన్నేండ్లకు ఆ రచనలు ఎవరైనను అచ్చువేసికొనవచ్చునని ప్రకటించెను.

ఇందు క్రమము ముఖ్యము. ముందు కవి కుటుంబమునకు కొంతయైన ముట్టినది, తరువాత తలుపులు తెరువబడినవి. కుటుంబమును గాలికి వదలి పాటలను అందరికి పంచియుండిన అది దానమనిపించుకొనదు. దానము చేయువాడు తన సొమ్మును దానము చేయవలెను గాని పరుల సొమ్మును కాదు. నేడు ఇంకొకరి సినిమాను, ఇంకొకరి పుస్తకమును ఇంటర్నెట్టులో పెట్టి “ఉచితముగా పంచితిని” అనువాడు దాత కాడు.

5. వస్తువు లేని బజారు

ఇప్పుడు కంప్యూటరులో మాత్రమే కనిపించు లోకములు వచ్చినవి. 2003లో అమెరికాలోని లిండెన్ ల్యాబ్ అను సంస్థ ‘సెకండ్ లైఫ్’ అను అట్టి లోకమును తెరచెను. అందు మనుష్యులు బొమ్మల రూపమున తిరుగుదురు. ఇండ్లు, దుస్తులు, నగలు తయారుచేసి అమ్ముకొందురు. అవి ముట్టుకొనుటకు రావు. కాని అందలి నాణెమును నిజమైన డాలర్లుగా మార్చుకొనవచ్చును. తయారుచేసినవాడు తన వస్తువుపై మూడు విషయములు నిర్ణయించును: కొన్నవాడు నకలు తీయవచ్చునా, మార్పు చేయవచ్చునా, ఇతరులకు ఇవ్వవచ్చునా.

2006 నవంబరులో ‘కాపీబాట్’ అను ప్రోగ్రాము ఆ లోకమున వ్యాపించి, అడ్డు లేక ఏ వస్తువుకైనను నకలు తీయసాగెను. అంగళ్లవారు భయపడి నిరసనగా అంగళ్లు మూసిరి. దానిని అట్లు వాడుట నిబంధనలకు విరుద్ధమని సంస్థ ప్రకటింపవలసి వచ్చెను. చేతికి తగులని సరకు దొంగిలించినను బాధ మాత్రము నిజమైనదే.

అక్కడనే దీనికి ఎదురైన దృశ్యమును కలదు. కొత్తగా వచ్చినవారికి ఉపయోగపడునని కొందరు తమ వస్తువులను పూర్తి అనుమతులతో ఉచితముగా పెట్టిరి. కొందరు ఆ ఉచిత వస్తువులనే మూటగట్టి, తెలియని కొత్తవారికి వెలకు అమ్మిరి. అన్నసత్రములో విస్తరి పుచ్చుకొని వీధిలో దానిని అమ్ముకొనుట వంటిదిది. లోభమనగా సరకునకు వెల అడుగుట కాదు, ఇతరులు చేసిన దానమును తన లాభముగా మార్చుకొనుట.

ఇట్టి చిక్కులు తీర్చుటకే 2002 నుండి ‘క్రియేటివ్ కామన్స్’ అను అనుమతి పత్రములు వాడుకలోనికి వచ్చినవి. “నా పేరు చెప్పి వాడుకొనుడు”, “వ్యాపారమునకు వాడకుడు”, “మీరును ఇట్లే పంచుడు” అని రచయిత తన షరతు తానే వ్రాయును. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా ఇట్టి అనుమతితోనే నడచుచున్నది. తిరుమల కృష్ణ దేశికాచారిగారు రూపొందించిన పోతన, వేమన తెలుగు అక్షరములు ఉచితముగా లభించుటచే కంప్యూటరులో తెలుగు వ్రాయుట ఎందరికో సులభమయ్యెను. ఇది నేటి శాస్త్రదానము.

6. గృహస్థుల ఆచరణకు

ఒకటి: అంగడిలో లెక్కలు వ్రాయు ప్రోగ్రామును వెల ఇచ్చి కొనవలెను, లేక ఉచితముగా ఇచ్చుచున్న ప్రోగ్రామును వాడవలెను. నకిలీ ప్రతిపై వ్రాసిన ఖాతా మొదటి పుటనుండియే అచౌర్య వ్రతమునకు మచ్చ.

రెండు: స్తవనములు, ప్రవచనములు, పాఠశాల పుస్తకములు తయారుచేయించునపుడు సంఘమువారు గాయకునికి, అనువాదకునికి, చిత్రకారునికి తగిన సొమ్ము ఒకేమారు నిండుగా ఇయ్యవలెను. “ధర్మకార్యము గదా” అని వట్టి చేతులతో పంపరాదు. సొమ్ము ముట్టిన పిదప వారి సమ్మతితో ఆ రచనను అందరికి విడిచిపెట్టవలెను. మల్లపయ్య కవిని పోషించెను, అత్తిమబ్బె ప్రతులు పంచెను. రెండు పనులును జరిగిననే శాస్త్రదానము పూర్తియగును.

మూడు: ఇంటిలో పూర్వుల వ్రాతప్రతులు ఉన్నయెడల బీరువాలో చెదలకు వదలక, ఫోటోలు తీయించి పండితులకు అందుబాటులో ఉంచవలెను. దాచినది నశించును. మైలాపూరు ఆలయమును కోల్పోయిన మనకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

నాలుగు: దేనిని పంచుకొన్నను రచించినవారి పేరు విడువరాదు. ఫోనులో ఒక స్తవనము పంపునపుడు కవి పేరు, గాయకుని పేరు చేర్చుటకు అర నిమిషము చాలును.

స్వాధ్యాయ ప్రశ్నలు

1. నిహ్నవము, మాత్సర్యము, అంతరాయము అనగా ఏమి? నేటి కాలమున ఒక్కొక్కదానికి ఒక ఉదాహరణ చెప్పుము.
2. పూర్వము నకలు తీయుట దానమై, నేడు దోషమగుటకు కారణమేమి?
3. సరకు గుర్తును కాపాడుటకును, జ్ఞానమును బిగబట్టుటకును భేదమేమి?
4. మీ ఇంటిలో, అంగడిలో వెల ఇయ్యక వాడుచున్న పరుల రచనలు ఏవి? ఈ పర్యూషణము లోపల వానిని సరిచేయుటకు కుటుంబమంతయు కూర్చుండి లెక్క వ్రాయుడు.