గుండు చేయించిన జుట్టు ఒత్తుగా మొలచునా?

సాలూరు పట్టణమందును, చుట్టుపట్ల పల్లెలయందును, పాచిపెంట కొండలమీది గూడెములయందును, పసిబిడ్డలున్న యిండ్లలో తఱుచుగ వినబడు మాట యొకటి కలదు. "బిడ్డకు జుట్టు పలుచగ నున్నది, ఒకమాఱు గుండు చేయించిన నల్లగ, ఒత్తుగ వచ్చును" అని పెద్దలు చెప్పుదురు. ఒకమాఱు చేయించినను రానిచో రెండవమాఱు, మూడవమాఱు చేయించువారును గలరు. ఈ మాట యెంతవఱకు నిజమో విద్యార్థులును వారి తలిదండ్రులును తెలిసికొనుట మంచిదని తలచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మ్రొక్కు వేఱు, వైద్యము వేఱు. హిందువులు బిడ్డల పుట్టువెండ్రుకలను సింహాచలమందో తిరుమలయందో సమర్పించుదురు. ముసల్మానులు ఏడవదినమున శిశువు తల గొరిగించి, ఆ వెండ్రుకల యెత్తు వెండిని బీదలకు దానము చేయుదురు. ఇవి భక్తికి సంబంధించిన కార్యములు. వీనిని గూర్చి మేము వాదింపబోము. సమ్సోను తల గొరిగిన పిమ్మట వెండ్రుకలు మరల మొలవసాగెనని న్యాయాధిపతుల గ్రంథమందు చదివియున్నాము. మరల మొలచుట యందఱెఱిగినదే. మునుపటికంటె ఎక్కువగ మొలచునా యనునదే యిప్పటి ప్రశ్న.

వెండ్రుకకు రెండు భాగములు గలవు. చర్మముపైన కనబడునది కాడ. చర్మములోపల కొన్ని మిల్లీమీటర్ల లోతున నుండునది కుదురు. కాడ గోటివలె జీవములేని పదార్థము. అందుచేతనే కత్తిరించునపుడు నొప్పి కలుగదు. జీవమంతయు కుదురునందే యున్నది. వెండ్రుక లావు, రంగు, పెరుగు వేగము అన్నియు నచ్చటనే నిర్ణయమగును. ఈ కుదుళ్లు శిశువు తల్లి గర్భమందుండగనే యేర్పడును. మనుష్యుని తలపై నివి రమారమి లక్ష యుండును. పుట్టిన పిదప క్రొత్త కుదుళ్లు పుట్టవు. కత్తి చర్మముపైనున్న కాడను మాత్రమే కోయును. లోపలి కుదురును తాకనైన తాకదు. గోళ్లు తీసికొన్నందున గోరు దళసరి కాదుగదా! వెండ్రుకయు నట్టిదే.

అట్లయిన నీ నమ్మిక యెట్లు కలిగెను? దీనికి మూడు కారణములు కలవు.

మొదటిది కంటికి కలుగు భ్రమ. కోయని వెండ్రుక కొన చెక్కిన పెన్సిలు ములికివలె సన్నగ నుండును. కత్తితో కోసినపుడు ఆ సన్నని కొన పోయి, మొద్దు కొన మిగులును. అది పైకి వచ్చునపుడు చేతికి గరుకుగను, కంటికి లావుగను తోచును. పొట్టివెండ్రుకలు నిటారుగ నిలుచుటచే తలయంతయు నిండినట్లుండును.

రెండవది వయస్సు. శిశువు పుట్టినప్పటి మెత్తని వెండ్రుకలు తమంతట తామే రాలిపోవును. రెండు మూడు నెలల వయస్సున తల వెనుకభాగము బోడియగుట పలువురు తల్లులు చూచియుందురు. పిమ్మట వచ్చు వెండ్రుకలు సంవత్సరములు గడచినకొలది లావగుచు, రంగెక్కుచుండును. మనవారు గుండు చేయించునదియు సాధారణముగ నీ వయస్సుననే. వయస్సు చేసిన పనికి కత్తికి కీర్తి వచ్చుచున్నది.

మూడవది చెట్లతో పోల్చుట. మునగకొమ్మను నరికిన పలుకొమ్మలు వేయును. గడ్డి కోసిన పిలకలు వేయును. కాని చెట్టుకొమ్మ జీవముగలది, దానియందు మొగ్గలున్నవి. వెండ్రుకకాడయందు మొగ్గ లేదు. ఒక కుదురునుండి వచ్చు వెండ్రుకను నూఱుమార్లు కోసినను అది కొమ్మలు వేయదు.

ఈ విషయమును శాస్త్రజ్ఞులు పరీక్షించి చూచిరి. అమెరికా దేశపు శరీరశాస్త్రజ్ఞురాలు మిల్డ్రెడ్ ట్రాటర్ 1928లో ప్రకటించిన పరిశోధనలో, గడ్డము గీయుటవలన వెండ్రుకల పెరుగుదల హెచ్చలేదని తేలెను. 1970లో ప్రకటింపబడిన మఱియొక పరిశోధనలో, అయిదుగురు యువకులు కొన్ని మాసములపాటు వారమున కొకసారి ఒక కాలిమీది వెండ్రుకలను మాత్రము గీయించుకొనిరి. రెండవకాలితో పోల్చగా, వెండ్రుకల లావునందుగాని వేగమునందుగాని భేదము కనబడలేదు. ఇవి పెద్దవారి గడ్డముమీదను కాళ్లమీదను చేసిన పరీక్షలే. అయినను కత్తికందని కుదురు శిశువు తలయందును అట్లే పనిచేయును గనుక, న్యాయము వేఱు కాదు.

విద్యార్థులు దీనిని స్వయముగ చూడవచ్చును. ఎన్నడును కోయని పసిబిడ్డ తలనుండి రాలిన వెండ్రుకను, క్షౌరశాలలో పడిన వెండ్రుకను పాఠశాల సూక్ష్మదర్శినిక్రింద ప్రక్కప్రక్కన నుంచి, రెండింటి కొనలను పోల్చుడు.

ఇంత చిన్న విషయమునకు ఇంత వ్యాసమేలయని కొందరడుగవచ్చును. విషయము చిన్నది కాదు. ఒక్కొక్కప్పుడు జుట్టు పలుచబడుట శరీరము చెప్పు ఫిర్యాదు. మాంసకృత్తులు చాలని బిడ్డకు నల్లని వెండ్రుకలు ఎఱ్ఱబారి, పలుచబడి, లాగిన సులువుగ ఊడివచ్చును, కాళ్లు వాచును, ఆటలయందాసక్తి తగ్గును. సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు ఆఫ్రికాయందలి గోల్డుకోస్టులో నీ వ్యాధిని గుర్తించి 1933లో వర్ణించెను. దాని పేరు క్వాషియార్కర్. ఆ దేశపు భాషలో, తమ్ముడో చెల్లెలో పుట్టగా తల్లిపాలకు దూరమైన బిడ్డకు వచ్చు జబ్బని దాని భావము. అట్టి బిడ్డకు గుండు చేయించి, జుట్టు వచ్చునని నెలలు వేచియుండుట యెంత యపాయము! ఎఱ్ఱబారిన జుట్టును కత్తి తీసివేసిన యెడల, తల్లికి కనబడవలసిన గుర్తే మాయమగును.

కావున జుట్టు పలుచగనున్న బిడ్డ చురుకుగ ఆడుచు, బరువు పెరుగుచున్న యెడల విచారింప నవసరము లేదు. కాలమే దానిని సరిచేయును. బిడ్డ బరువు పెరుగక, జుట్టు రంగు మాఱుచున్న యెడల వెంటనే అంగన్‌వాడిలో తూకము వేయించి, ఆసుపత్రికి గొనిపోవలెను. ఆఱవ మాసము నిండువఱకు తల్లిపాలే చాలును. పిమ్మట తల్లిపాలతోపాటు మెత్తగ నుడికించిన అన్నము, కందిపప్పు, చోడిజావ, మునగాకు, గ్రుడ్డు, చేప మొదలగునవి, మన ప్రాంతమున దొరకునవే, కొంచెము కొంచెముగ నలవాటు చేయవలెను. కుదురునకు బలము లోపలినుండి రక్తముద్వారా వచ్చును గాని పైనుండి కత్తిద్వారా రాదు.

మ్రొక్కు తీర్చుకొనువారు రెండు జాగ్రత్తలు మఱువరాదు. ప్రతిబిడ్డకును క్రొత్త బ్లేడు వాడుమని క్షురకుని కోరవలెను; ఒకరికి వాడిన బ్లేడు మఱియొకరికి వాడిన రక్తముద్వారా కామెర్లవంటి వ్యాధులు సోకవచ్చును. పసిబిడ్డ మాడు మెత్తగ నుండును గనుక తల కదలకుండ పట్టుకొని, నెమ్మదిగ చేయింపవలెను. గాటు పడినచో శుభ్రమైన నీటితోను సబ్బుతోను కడుగవలెను.

మన విద్యార్థులు ఈ మాటను ఇంటికి గొనిపోయి, అవ్వలతోను అమ్మలతోను వినయముగ చెప్పుదురుగాక. పెద్దలమాట తప్పని గెలుచుట మన యుద్దేశము కాదు. తమ్ముని చెల్లెలి కంచములో పప్పు, గ్రుడ్డు పడుటయే మనకు కావలసినది.