గిట్‌లో పేరు మార్చినా పాత అకౌంటే వస్తోందా? అసలు కారణం ఇదీ!

సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేటప్పుడు బ్యాటరీ, స్క్రీన్, కీబోర్డ్ అన్నీ చెక్ చేస్తాం. లోపల ఎవరి లాగిన్ మిగిలిపోయిందో మాత్రం చూడం. నేనూ చూడలేదు.

మాది ఇబ్రహీంపట్నం. చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలు చాలా ఉన్నాయి కాబట్టి, సీనియర్ల ల్యాప్‌టాప్‌లు జూనియర్లు కొనుక్కోవడం ఇక్కడ మామూలే. నేనూ అలాగే ఒక అన్న దగ్గర కొన్నాను. పొద్దున్నే ప్రాజెక్ట్ సబ్మిషన్. రాత్రి 11 గంటలకు కోడ్‌ను గిట్‌హబ్‌కి పుష్ చేస్తే 403 ఎర్రర్! పర్మిషన్ లేదని చెబుతూ చూపించిన యూజర్‌నేమ్ నాది కాదు, ఆ అన్నది.

గిట్ కాన్ఫిగ్‌లో పేరు, ఈమెయిల్ మార్చాను. మళ్లీ అదే ఎర్రర్. గిట్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. అయినా అదే!

ఎందుకిలా?

కాన్ఫిగ్‌లో ఇచ్చే పేరు కమిట్ మీద కనిపించే సంతకం మాత్రమే. దానికీ లాగిన్‌కీ సంబంధం లేదు. లాగిన్‌ను దాచేది క్రెడెన్షియల్ హెల్పర్ అనే వేరే ప్రోగ్రామ్. ఎక్కువగా కనిపించేవి ఇవి:

- మేనేజర్: విండోస్ గిట్‌తో పాటే వస్తుంది. లాగిన్‌ను విండోస్‌లోనే దాస్తుంది. అందుకే గిట్ తీసేసినా అది పోలేదు.
- క్యాష్: మెమరీలో ఉంచుతుంది. మామూలుగా 15 నిమిషాలే.
- స్టోర్: హోమ్ ఫోల్డర్‌లోని ఫైల్‌లో మామూలు టెక్స్ట్‌గా రాసి పెడుతుంది. ఆ ఫైల్ తెరిచిన ఎవరైనా చదవొచ్చు. షేర్డ్ కంప్యూటర్‌లో అస్సలు వాడకండి.

ఇంకో విషయం. లాగిన్ వివరాలే తప్పయితే సర్వర్ 401 అంటుంది, అప్పుడు గిట్ వాటిని చెరిపేయమని హెల్పర్‌కి చెబుతుంది. 403 అంటే లాగిన్ సరైనదే, ఆ అకౌంట్‌కి పర్మిషన్ లేదు అని. కాబట్టి గిట్ దాన్ని చెరపదు. మనమే తీసేయాలి.

ఇలా తీసేయండి

స్టెప్ 1: ఏ హెల్పర్ నడుస్తోందో చూడండి. కమాండ్: గిట్ కాన్ఫిగ్ --షో-ఆరిజిన్ --గెట్-ఆల్ క్రెడెన్షియల్.హెల్పర్. (టైప్ చేసేది ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే.) ఆ సెట్టింగ్ ఏ ఫైల్‌లో ఉందో కూడా చూపిస్తుంది.

స్టెప్ 2: మేనేజర్ అని వస్తే కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్‌లోకి వెళ్లండి. గిట్‌హబ్ అడ్రస్ ఉన్న ఎంట్రీని రిమూవ్ చేయండి.

స్టెప్ 3: మళ్లీ పుష్ చేయండి. ఈసారి లాగిన్ అడుగుతుంది. బ్రౌజర్ ద్వారా మీ అకౌంట్‌తో సైన్ ఇన్ అవ్వండి. టెర్మినల్‌లోనే పాస్‌వర్డ్ అడిగితే అక్కడ టోకెన్ ఇవ్వాలి. 2021 ఆగస్టు 13 నుంచి గిట్‌హబ్ ఈ పనికి అకౌంట్ పాస్‌వర్డ్ ఒప్పుకోవడం లేదు.

ఒకే కంప్యూటర్‌లో రెండు అకౌంట్లు వాడతారా? రిమోట్ అడ్రస్‌లో గిట్‌హబ్ పేరుకు ముందు మీ యూజర్‌నేమ్, @ గుర్తు పెట్టండి. ఏ లాగిన్ వాడాలో గిట్‌కి తెలుస్తుంది.

ల్యాప్‌టాప్ అమ్మేవాళ్లు ఇది చదవండి

నా పుష్ 11:40కి వెళ్లిపోయింది. కానీ అప్పుడే ఇంకో ఆలోచన వచ్చింది. ఇన్నాళ్లూ అన్న ప్రైవేట్ రిపాజిటరీలు నా చేతిలోనే ఉన్నట్టు కదా! వెంటనే ఫోన్ చేశాను.

“అన్నా, నీ గిట్‌హబ్ లాగిన్ ఇన్ని రోజులూ నా ల్యాప్‌టాప్‌లోనే ఉండె.”

“అమ్మేటప్పుడు క్రోమ్‌ల లాగౌట్ చేసిన కదరా!”

బ్రౌజర్‌లో లాగౌట్ అయితే గిట్‌లో అయినట్టు కాదు. కంప్యూటర్‌లో ఎంట్రీ తీసేసినా సర్వర్‌లో ఆ టోకెన్ పనిచేస్తూనే ఉండొచ్చు. అందుకే అన్న ఆ రాత్రే గిట్‌హబ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఆథరైజ్డ్ యాప్స్‌లో గిట్ క్రెడెన్షియల్ మేనేజర్‌ని రివోక్ చేశాడు, పాత టోకెన్లు డిలీట్ చేశాడు.

మీ పాత ల్యాప్‌టాప్ ఇప్పుడు ఎవరి దగ్గరుందో గుర్తుందా? అయితే ఈ రోజే ఆ పని చేసేయండి. దానికి ల్యాప్‌టాప్ అక్కర్లేదు, ఫోన్ బ్రౌజర్ చాలు.